అరకు లైను లేఅవుట్: బిల్డరు అడుగుతున్న అదనపు 7,000 డాలర్లలో ఎంత న్యాయం?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. కొత్తగా చదివేవారికి అది లేకపోతే నా లెక్కలు అర్థం కావు. న్యూజెర్సీలోని మీ ఇంటి బేస్‌మెంట్‌లో, 11 × 16 అడుగుల గదిలో, అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైనును తలపించే హెచ్‌ఓ లేఅవుట్, అంటే అసలుకు 87వ వంతు సైజులో నడిచే నమూనా రైలు మార్గం, కట్టించుకోవాలనుకున్నారు. మీ రాష్ట్రంలోనే ఉన్న ఒక బిల్డరు 22,000 డాలర్లకు ఒప్పుకున్నారు. ఒప్పందమంతా ఈమెయిళ్లలోనే జరిగింది. మీరు ఇప్పటికి 15,000 ఇచ్చారు. ఆయన మిగిలిన 7,000తో పాటు మరో 7,000 అడుగుతున్నారు. అందులో కింది అంతస్తు యార్డుకు, అక్కడికి దిగే హీలిక్స్‌కు (గుండ్రంగా చుట్లు తిరుగుతూ దిగే ట్రాక్) కలిపి 3,800, డీసీసీకి (ఒకే ట్రాక్ మీది ఇంజన్లను వేర్వేరుగా నడిపే డిజిటల్ కంట్రోల్) 1,400, కొండను, సొరంగాలను తిరిగి కట్టినందుకు 1,800. ఆ డబ్బు వచ్చేదాకా పని ముందుకు సాగదన్నారు. మీరేమో ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వనని, పైగా ట్రాక్ స్కేలు ప్రకారం లేదు కాబట్టి 2,000 తగ్గించాలని అంటున్నారు. లేఅవుట్, మీరు కొనిచ్చిన నాలుగు ఇంజన్లు ఆయన వర్క్‌షాపులోనే ఉన్నాయి. కోర్టుకు వెళ్లమంటారా అని అడిగారు.

వెళ్లవద్దంటాను, కనీసం ఇప్పుడే వద్దు. మీరు పంపిన ఈమెయిళ్లు, ఫొటోలు, ఆయన ఇన్‌వాయిసు చూశాక నా అంచనా ఇది: ఆయన అడిగిన అదనపు 7,000లో 5,200 ఇవ్వడం న్యాయం. అంటే మీ ఇద్దరి మధ్య నిజంగా తేలాల్సింది 1,800 డాలర్లు మాత్రమే. ఎలా వచ్చిందో చెబుతాను. నేను లాయరును కాను. చాలా ఏళ్లుగా ఇతరుల కోసం లేఅవుట్లు కడుతున్నవాణ్ని. ఇలాంటి తగవుల్లో రెండు వైపుల లెక్కలూ చూసి ఒక మాట చెప్పమని నన్ను పిలవడం కూడా మామూలే.

మొదట హీలిక్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు గొడవ అక్కడే పుట్టింది. మీ ఈమెయిల్లో ఉన్నది ఒకే వాక్యం: "కింద ఒక మూడు లైన్ల యార్డు కూడా పెడితే బాగుంటుంది, రైళ్లు కనబడకుండా నిలిపి ఉంచవచ్చు." ఆయన జవాబు కూడా ఒకే వాక్యం: "చేయవచ్చు, ఖర్చు కొంచెం పెరుగుతుంది." ఎంత పెరుగుతుందని మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ వాక్యం వర్క్‌షాపులో ఏమవుతుందో చూడండి. మీకు కావలసినవి ఐసీఎఫ్ బోగీలు, అంటే భారతీయ ప్రయాణికుల రైలు పెట్టెలు. హెచ్‌ఓ అంటే 1:87. ఆ నిష్పత్తిలో ఒక్కో బోగీ దాదాపు 10 అంగుళాల పొడవు వస్తుంది. వంపు వ్యాసార్థం బోగీ పొడవుకు కనీసం 3 రెట్లు ఉంటే బండి నమ్మకంగా తిరుగుతుందని ఈ రంగంలో ఒక అంచనా సూత్రం ఉంది. అంటే 30 అంగుళాలు. ఆ వ్యాసార్థంతో ఒక చుట్టు తిరిగితే ట్రాక్ పొడవు 188 అంగుళాలు. పై వరుస ట్రాక్ కింద బోగీ తగలకుండా వెళ్లాలంటే చుట్టుకు సుమారు 4 అంగుళాలు దిగాలి. అంటే వాలు 2.1 శాతం, అంతకు మించితే వంపులో లాగుడు భారమై ఇంజను జారుతుంది. మీ యార్డు 16 అంగుళాలు కింద ఉంది కాబట్టి 4 చుట్లు కావాలి, అంటే సుమారు 63 అడుగుల ట్రాక్. మూడడుగుల ఫ్లెక్స్ ట్రాక్ (వంచుకోగలిగే ట్రాక్) ముక్కలు 21. ప్రతి అతుకు దగ్గర సోల్డరింగ్. ప్లైవుడ్‌ను వలయాలుగా కోసి, మరలున్న ఇనుప కడ్డీల మీద ఒక్కో మెట్టు సమం చేసుకుంటూ నిలబెట్టాలి. ఈ నిర్మాణం మొత్తానికి అయిదున్నర అడుగుల చదరం చోటు కావాలి. అందుకే ఆయన పక్కనున్న స్టోర్ గది మూలను వాడుకోవలసి వచ్చింది.

ఇప్పుడు చదరపు అడుగుల లెక్క వేయండి. మీ గది 176 చదరపు అడుగులు కావచ్చు. కానీ లేఅవుట్ గోడల చుట్టూ 2 అడుగుల వెడల్పు బల్లగా నడుస్తుంది, మధ్యలో మనుషులు నిలబడే చోటు. ఆ బల్ల విస్తీర్ణం 92 చదరపు అడుగులే. హీలిక్స్ ఒక్కటే మరో 30 చదరపు అడుగులు చేర్చింది. అంటే మీరు "కూడా పెడితే బాగుంటుంది" అన్న మాటతో పని విస్తీర్ణం మూడోవంతు పెరిగింది. (గది కొలతతో ధర మాట్లాడుకోవడం ఈ రంగంలో తగవులకు పెద్ద కారణం. బిల్డరు బల్ల విస్తీర్ణం లెక్కలో ఉంటారు, ఇంటాయన గది విస్తీర్ణం లెక్కలో ఉంటారు. మొదటి రోజే ఏ కొలత అన్నది రాసుకుంటే సగం గొడవలు ఉండవు.)

ఈ పనికి నా లెక్క ప్రకారం 50 గంటలు పడుతుంది. ఆయన రేటు గంటకు 50 డాలర్లని మొదటి కొటేషన్లోనే ఉంది, అది ఎక్కువ కాదు. శ్రమకు 2,500. ట్రాక్, ప్లైవుడ్, కడ్డీలు, యార్డు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించేవి), వాటి మోటార్లు, వైరు కలిపి 700. మొత్తం 3,200. ఆయన 3,800 అడిగారు. దోపిడీ ఏమీ కాదు, కాస్త పైకి వేసుకున్నారు. కోతలో పాడైన ప్లైవుడ్‌కు రసీదులు చూపితే ఇంకో 100, 200 పెంచినా నాకు అభ్యంతరం లేదు. మీకు సామాను ఖర్చు తక్కువగా కనబడి కోపం వస్తోందని మీ మాటల్లో తెలుస్తోంది. ఈ పనిలో ఎప్పుడూ అంతే. డబ్బు ఖర్చయ్యేది వస్తువుల మీద కాదు, వాటిని మిల్లీమీటరు తేడా లేకుండా అమర్చే గంటల మీద.

డీసీసీకి 1,400 అడగడం సరైనదే. మొదటి కొటేషన్లో మామూలు డీసీ కంట్రోలరు అని స్పష్టంగా ఉంది. తర్వాత ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లు వేర్వేరుగా నడవాలని, హారన్ మోగాలని మీరు అడిగారు. అందుకు మామూలుగా వాడేది డీసీసీయే. కంట్రోల్ సిస్టమ్, నాలుగు సౌండ్ డీకోడర్లు (ఇంజను లోపల ఆదేశాలు అందుకుని శబ్దం చేసే చిన్న బోర్డులు), వాటిని ఇంజన్లలో బిగించే శ్రమ కలిపితే దాదాపు ఆ మొత్తమే వస్తుంది. ఒక్కటి మాత్రం అడగండి: మీరు కొనిచ్చిన ఇంజన్లలో దేనిలోనైనా ముందే డీకోడరు ఉందా? ఉంటే దానికి మళ్లీ బిల్లు వేయకూడదు.

మూడోది కొండ. ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షం కాదు, కానీ చాలావరకు మీ పక్షమే. మొదట కట్టిన ఎక్కుడులో రైలు ఎక్కలేదు. 14 అడుగుల పొడవులో 6 అంగుళాలు ఎత్తేశారు, అంటే 3.5 శాతానికి పైన వాలు. ఆ లైను నకలు కావాలనుకునేవారికి అసలు లైను ఏం చెబుతుందో చూడండి. కొత్తవలస నుంచి కొండలెక్కే ఆ దారిలో ప్రధాన వాలు 60కి 1, అంటే 1.67 శాతం. ఇనుప ఖనిజం మోసే బండికి ఒకటికి మించి ఇంజన్లు పెట్టి మరీ ఆ మాత్రం వాలు మీద నడిపించారు. అదే నిష్పత్తిలో మీ 6 అంగుళాలు ఎక్కాలంటే 30 అడుగుల ట్రాక్ కావాలి. ఆయన ఇచ్చింది అందులో సగం కూడా లేదు. మీ పది బోగీల రైలు ఇంజనుతో కలిపి దాదాపు 9 అడుగులు. అంటే రైలు మొత్తం ఒకేసారి ఆ వాలు మీదే వేలాడుతుంది. ఒక్క ఇంజను ఎలా లాగుతుంది? ఇది కాగితం మీదే తెలియాల్సిన విషయం. బిల్డరుకు డబ్బిచ్చేది ఈ లెక్క ముందుగా చూస్తారనే.

అయితే ఆయన ఇన్‌వాయిసుకు జతచేసిన ఈమెయిల్లో "కొండ ఇంకా ఎత్తుగా, బొర్రా దగ్గరలా ఉండాలి" అని మీరు రాశారు. ఆ మాట వల్ల కొండ మీది చెట్లు, రాళ్లు, పైపొర మారాయి. అది మీ కోరిక, దానికి మీరు ఇవ్వాలి. 600 సరిపోతుంది. కింద ట్రాక్ విప్పి వాలు సరిచేసిన 1,200 ఆయన భరించాలి. వృత్తి తెలిసినవాడు "అంత ఎత్తు పెడితే బండి ఎక్కదు" అని చెప్పి ఆపాలి. చెప్పకుండా కట్టి, తర్వాత విప్పినందుకు బిల్లు వేయడం నాకు సమ్మతం కాదు. ఈ ఒక్క విషయంలో ఎవరు అడిగినా నేను ఇదే చెబుతాను.

ఇక మీరు తగ్గించమంటున్న 2,000. మీ వాదన ఏమిటంటే భారతీయ బ్రాడ్ గేజ్ (పట్టాల మధ్య దూరం) 1,676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి, ఆయన వేసింది 16.5. మీ లెక్క తప్పు కాదు. కానీ హెచ్‌ఓ ట్రాక్ అని దుకాణంలో దొరికేదంతా 16.5 మిల్లీమీటర్లదే. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌ను తగ్గించిన కొలత. భారతీయ రైళ్ల హెచ్‌ఓ నమూనాలు కూడా ఆ ట్రాక్ మీద నడిచేలానే సాధారణంగా వస్తాయి. మీరు తెప్పించిన రెండు డబ్ల్యూఏజీ-5 ఇంజన్ల చక్రాలు కూడా అంతే. 19.3 కావాలంటే ప్రతి పాయింటునూ చేత్తో తయారు చేయాలి, ప్రతి ఇంజను, ప్రతి బోగీ చక్రాల జతను వెడల్పు చేయాలి. ఆ పనికి 22,000 కాదు, దానికి రెట్టింపు అడిగినా నేను ఆశ్చర్యపోను. మీ ఈమెయిల్లో "హెచ్‌ఓ" అనే ఉంది. ఆ 2,000 వదిలేయండి. అది పట్టుకుని కూర్చుంటే మిగతా న్యాయమైన వాదనలకు కూడా విలువ పోతుంది.

ఇప్పుడు కోర్టు సంగతి. న్యూజెర్సీలో స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) పరిమితి 5,000 డాలర్లు, దాని పైన 20,000 దాకా స్పెషల్ సివిల్ పార్ట్ అనే కోర్టు విభాగం చూస్తుంది. ఈమెయిళ్లు సాక్ష్యంగా పనికొస్తాయి. కానీ అవి రెండు వైపులా కోస్తాయి. "ఖర్చు కొంచెం పెరుగుతుంది" అన్న మాటకు మీరు అభ్యంతరం చెప్పకుండా "సరే, చేయండి" అన్నారు. ధర ముందే తేలకపోయినా, అడిగి చేయించుకున్న పనికి సమంజసమైన ధర ఇవ్వాల్సి ఉంటుందనే వైపే న్యాయమూర్తి చూసే అవకాశం ఎక్కువ. క్రెడిట్ కార్డు ద్వారా ఇచ్చిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకుందామనే ఆలోచన మీకు ఉన్నట్టుంది. మాటలు సాగుతున్నంతవరకు ఆ పని చేయకండి. ఆ రోజుతో మాటలు ఆగిపోతాయి. చెక్కు మీద "పూర్తి చెల్లింపు" అని రాసి తక్కువ మొత్తం పంపడం కూడా ఆలోచించకుండా చేయవద్దు. నిజమైన తగవు ఉన్నప్పుడు ఆయన దాన్ని జమ చేసుకుంటే అప్పు తీరినట్టు లెక్క కావచ్చు. అది తెలిసిన బిల్డరు చెక్కు తిప్పి పంపుతారు, మీరు మోసం చేయబోయారని మనసులో పెట్టుకుంటారు.

దీనికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. వ్యవహారం తెగిపోతే ఇద్దరి చేతుల్లో మిగిలేది ఏమిటి? సగం కట్టిన లేఅవుట్‌కు సంతలో విలువ దాదాపు ఉండదు. ఇంజన్లు, బోగీలు అమ్ముడవుతాయి. చెక్క, ప్లాస్టర్, అతికిన ట్రాక్ చాలాసార్లు చెత్తబుట్టకే వెళ్తాయి. న్యూజెర్సీలో అరకు లోయ కావాలని వచ్చే రెండో కొనుగోలుదారును ఆయన ఎక్కడినుంచి తెస్తారు? మీరిచ్చిన 15,000 ఆయన దగ్గర ఉన్నా, చేసిన శ్రమను ఆయన మరొకరికి అమ్మలేరు. మీరు కేసు గెలిచినా రైలు నడవదు. అందుకే ఈ 1,800 దగ్గర ఇద్దరూ ఆగాలంటాను.

ఎలా అడగాలంటే, ఒక పేజీ ఉత్తరం రాయండి. కోపం, పాత మాటలు ఏవీ వద్దు. అదనపు పనికి 5,200 ఒప్పుకుంటున్నానని, పాత బాకీ 7,000తో కలిపి మొత్తం 12,200 దశలవారీగా ఇస్తానని రాయండి. హీలిక్స్ మీద బండి పైకీ కిందికీ నడిచిన రోజు 3,200. వర్క్‌షాపులో పరీక్ష నెగ్గిన రోజు 4,400, అందులో డీసీసీ డబ్బు కలిసే ఉంది. మీ బేస్‌మెంట్‌లో అమర్చి మళ్లీ పరీక్ష నెగ్గాక 3,600. చివరి 1,000 మాత్రం 90 రోజుల తర్వాత. ఇంజన్లు మీ సొత్తు కాబట్టి వాటి జాబితా, ప్రస్తుత స్థితి ఫొటోలతో సహా ఆ ఉత్తరంలో పెట్టించుకోండి. డీకోడరు బిగించిన శ్రమకు డబ్బు ఇవ్వకుండా ఇంజన్లు తెచ్చేసుకుంటానంటే మాత్రం కుదరదు.

పరీక్ష అన్నాను కదా, అది ఏమిటో రాసుకోవాలి. "పూర్తయింది" అన్న మాట ఈ రంగంలో ఎవరికి తోచిన అర్థం వారిది. బిల్డరుకు బండి నడిస్తే పూర్తి, ఇంటాయనకు ఫొటోలో కనబడినట్టు ఉంటే పూర్తి. నేను పెట్టే షరతులు ఇవి. పది బోగీల రైలు అరగంట పాటు పట్టాలు తప్పకుండా తిరగాలి. తర్వాత అదే రైలును వెనక్కి నెడుతూ ప్రతి పాయింటు మీదుగా నెమ్మదిగా పంపాలి. ముందుకు లాగితే దాగే తప్పులన్నీ వెనక్కి నెడితే బయటపడతాయి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని నమూనా రైళ్ల అభిమానుల సంఘం) వారు అమ్మే చిన్న ఇనుప గేజ్ పలక ఒకటి ఉంటుంది, దాన్ని ప్రతి పాయింటులో పెట్టి చూడండి. ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వదులుగా ఊగుతుందో చేతికే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది నాణెం పరీక్ష. 25 సెంట్ల నాణేన్ని తీసుకుని, డీసీసీ సిస్టమ్ నుంచి బాగా దూరంగా ఉన్న చోట, రెండు పట్టాలకూ తగిలేలా అడ్డంగా పెట్టండి. వెంటనే బూస్టరు (ట్రాక్‌కు విద్యుత్తు అందించే పెట్టె) టక్కున ఆగిపోవాలి. నాణెం తీయగానే తిరిగి రావాలి. ఆగకపోతే వైరు సన్నంగా ఉందని, లేదా బల్ల కింది ప్రధాన వైరు నుంచి పట్టాలకు కలిపే తీగలు చాలినన్ని లేవని అర్థం. అలాంటి చోట నిజంగా ఏ బండో పట్టాలు తప్పి షార్ట్ అయితే విద్యుత్తు ఆగదు, బోగీ చక్రాల దగ్గర ప్లాస్టిక్ కరిగిపోతుంది. ప్రతి మూడు నాలుగు అడుగులకూ ఒకచోట ఈ పరీక్ష చేయండి. హీలిక్స్ లోపల కూడా చేయండి, తర్వాత అక్కడ చేయి దూర్చడం కష్టం.

మీ ఇద్దరిలో ఎవరి మాటా రెండోవారు నమ్మని స్థితి వచ్చిందనిపిస్తే, 1935లో ఏర్పడిన ఎన్‌ఎంఆర్‌ఏకు న్యూజెర్సీలో స్థానిక విభాగం ఉంది. అందులో మాస్టర్ మోడల్ రైల్‌రోడర్ హోదా ఉన్నవారు ఉంటే ఒకరిని వర్క్‌షాపుకు పిలవండి. 11 విభాగాల్లో కనీసం 7 ధ్రువపత్రాలు సాధిస్తేనే ఆ హోదా వస్తుంది. ట్రాక్, విద్యుత్తు, చెక్కపని చూసి చెప్పగలిగినవారు. వారి దారి ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకోండి, వారి మాటకు కట్టుబడతామని ముందే రాసుకోండి.

చివరగా, ఆ 90 రోజులు ఎందుకో చెబుతాను, బిల్డరు తప్పక అడుగుతారు. లేఅవుట్ ఆయన వర్క్‌షాపులో పొడి గాలిలో తయారైంది. మీ బేస్‌మెంట్ వేసవిలో తేమగా ఉంటుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పొడిబారితే కుంచించుకుపోతుంది, దానితో పట్టాల అతుకులు కదులుతాయి. భాగాలు కలిపిన చోట ముందుగా తేడా కనబడుతుంది. దీని బాధ్యత ఎవరిదన్నది ఇప్పుడే తేల్చుకోండి. నా సూచన: తేమ తీసే యంత్రం పెట్టి గదిలో తేమను 50 శాతం దగ్గర ఉంచడం మీ వంతు, ఆ షరతు పాటిస్తే అతుకుల్లో వచ్చే లోపాన్ని ఉచితంగా సరిచేయడం ఆయన వంతు. గదిలో 10 డాలర్ల తేమ మీటరు ఒకటి తగిలించి, వారానికోసారి దాని ఫొటో ఆయనకు పంపండి. ఉత్తరం రాశాక ఆయన జవాబు ఇక్కడ పెట్టండి, అంకెలు మారితే మళ్లీ చూద్దాం.